కువైట్ సెంటు

ఒకప్పుడు మా ఊరి మగవాళ్లు సెంటు జోలికి పోయేది పెండ్లికో, ఉరుసుకో. కడప పెద్దదర్గా ఉరుసులో అత్తరు సాయిబు అడగకముందే మన చెయ్యి పట్టుకుని, మణికట్టు మీద ఒక గీత గీసేవాడు. కొనకపోయినా ఏమనేవాడు కాదు. కొన్నవాళ్లు దూది ముంచి చెవి మడతలో పెట్టుకునేవాళ్లు. ఉత్తరాదిన కనౌజ్‌లో రాగి పాత్రల్లో పూలు ఉడికించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి అత్తరు తీస్తారు. కాల్చిన మట్టి నుంచి తొలకరి వాసన తీసేదీ అట్లనే. వానకు మొగం వాచిన మా సీమలో అంతకన్నా గొప్ప సెంటు ఉంటుందని నేను అనుకోను.

తర్వాత కువైట్ డబ్బాలు వచ్చినాయి. మా జిల్లా నుంచి అక్కడికి బతకపోయినవాళ్లు సెలవులకొస్తే పెట్టె నిండా స్ప్రేలే. అప్పటికే టీవీలో వాటి సంబరం మొదలైంది. ఫ్రాన్సులో 1983లో పుట్టిన యాక్స్ 1999లో మన దేశానికి వచ్చింది. అది కొట్టుకుంటే ఆడపిల్లలు వెంటపడతారని ప్రకటన. ఆ మాట నాకిప్పటికీ నచ్చదు. పన్నీరు ఎదుటివాళ్ల మీద చల్లేది, అత్తరు ఎదుటివాళ్ల చేతికి రాసేది. వాసన అంటే మర్యాద. దాన్ని వేటకు వాడమనడం ఏం పద్ధతి?

మా చిన్నాయనకూ ఒక డబ్బా అందింది. పులివెందులలో సినిమాకు పోవాలని, సాయంత్రం ఒళ్లంతా కొట్టుకుని, పోయేలోపల పాలు పిండుదామని కొట్టంలోకి పోయినాడు. ఎనుము మూరచూసి, తల విదిలించి, పలుపు తెంపుకునేంత పని చేసింది. దూడను విడిచినా చేపలేదు. వెంటపడే మాట అట్లుంచితే, ఉన్న ఒక్క ఎనుమూ దూరం జరిగింది.

జేజి బయటినుంచే అరిచింది: "ఎవురో పరాయోడు వచ్చినాడనుకుంటాంది రా అది! ఆ మాసిన తుండుగుడ్డ కప్పుకోని పో."

కప్పుకున్నాడు. పాలొచ్చినాయి. సినిమా మాత్రం సగం అయిపోయింది.

ఆ డబ్బాను జేజి దాచిపెట్టింది. ఎండాకాలంలో మా అత్త పెండ్లిలో పన్నీరు బుడ్డి పక్కనే దాన్నీ పెట్టుకుని, పందిరి ముందర నిలబడి వచ్చిన ప్రతి మగమనిషికీ భుజం మీద ఒక్కసారి కొట్టింది. ముసలివాళ్లు కూడా వరసలో నిలబడినారు. రెండోసారి అడిగినవాళ్లకు ఒకటే మాట: "ముందు అన్నం తిని రాపో, అప్పుడు కొడతా."