గొంతులో జువ్వి పళ్లు

మా ఊరి బడి గోడకు పక్షుల చార్టు ఒకటి వేలాడేది. అందులో ఇంత పొడుగు ముక్కుతో రంగురంగుల పిట్ట. టూకాన్ అని మాస్టారు చెప్పారు. "ఇది మా అడవిలో ఉంది సార్!" అని మేమందరం అరిచాం. లేదన్నారు. ఆయన మాటే నిజం. టూకాన్ మధ్య, దక్షిణ అమెరికా అడవులది. మారేడుమిల్లి కొండల్లో మేం చూసింది హార్న్‌బిల్. రెండింటికీ ముక్కు పెద్దదేగాని చుట్టరికం లేదు. టూకాన్ ముక్కు మీద కొమ్ము ఉండదు. మా పిట్టకు ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు ఉంటుంది.

మా కొండల్లో ఇవి రెండు రకాలు. బూడిదరంగుది ఊరి పక్క మర్రిచెట్టుకూ వస్తుంది. రెండోది నల్లది. పొట్ట తెలుపు, ముక్కు పసుపు, కొమ్ము మీద నల్లమచ్చ. ఎగిరేటప్పుడు రెక్కల అంచులూ తోక పక్క ఈకలూ తెల్లగా మెరుస్తాయి. పిట్ట కనబడకముందే రెక్కల చప్పుడు వినబడుతుంది. కంటి చుట్టూ తోలు నల్లగా ఉంటే మగది, తెల్లగా ఉంటే ఆడది. ఈ చివరిది మేం ఆలస్యంగా నేర్చుకున్నాం.

ఒక ఎండాకాలం జువ్విచెట్టు కింద ఉండేలుతో ఒకదాన్ని కొట్టాం. ఊరంతా మెచ్చుకుంటారనుకుంటూ తెచ్చాం. తాత దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. గొంతులోంచి జువ్వి పళ్లు ఒకటొకటే రాలాయి. చాలా ఉన్నాయి.

"ఇది తినడానికి కాదురా, మోసుకెళ్తోంది" అన్నాడు తాత. "పెట్ట తొర్రలో ఉంటది. లోపలికెళ్లి, రెట్టతో, పండ్ల పిప్పితో వాకిలి మూసేసుకుంటది. ముక్కు పట్టేంత సందే ఉంచుకుంటది. రెక్కల ఈకలు కూడా రాల్చేసుకుంటది. ఇక ఎగరలేదు. దానికీ పిల్లలకీ ఈ పోతే కూడు."

ఆ మధ్యాహ్నమే బయల్దేరాం. తొర్రలున్న ముసలి చెట్లు ఎక్కడున్నాయో మాకు తెలుసు. కొన్ని అప్పటికే నరికేశారు. రెండు రోజులు ప్రతి మానుకూ చెవి ఆనించాం, కింద రెట్టలూ గింజలూ వెతికాం. దొరకలేదు. ఆ గూడు ఎక్కడుందో ఇప్పటికీ మాకు తెలియదు.

ఇప్పుడు పిల్లల్ని అడవికి తీసుకెళ్తే ముందు కంటి చుట్టూ చూడమంటాం. ఎండాకాలంలో అయితే కళ్లదాకా పోనక్కర్లేదు. నల్లపిట్ట ఒంటరిగా పండ్లచెట్టుకు వచ్చి, మళ్లీ మళ్లీ ఒకే దిక్కుకు పోతుంటే అది మగదే అయ్యుంటుంది. ఆ దిక్కున ఏదో తొర్రలో దానికోసం ముక్కు చాపి చూస్తుంటారు.