వాన లెక్క ఉంది, పిట్ట లెక్కేది?

దసరా నాడు పాలపిట్టను చూడడానికి ఊరి పొలిమేర దాటి పోయే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. పిట్ట కనబడడమే తగ్గింది. 2023 ఆగస్టులో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక ఆ తగ్గుదలకు ఒక అంకె కట్టింది: పన్నెండేళ్ళలో సుమారు 30 శాతం. దేశం నలుమూలలా దాదాపు 30 వేల మంది నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనల మీద నిలబడిన నివేదిక అది. 942 జాతుల్ని పరిశీలిస్తే దీర్ఘకాలపు పోకడ తేల్చడానికి సరిపడా సమాచారం దొరికినవి 338. వాటిలో 204 తగ్గాయి. 2014లో మనం రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్న పిట్ట ఆ వరుసలో ఉందని చదివాక నా మనసు ఊరుకోలేదు. ఆ లెక్క ఎక్కడ పుడుతోందో, ఎక్కడ పుట్టకుండా పోతోందో కళ్ళారా చూడాలనుకున్నాను. హైదరాబాద్ చుట్టూ, పేరున్న అభయారణ్యాల చుట్టూ పరిశీలనలు గుట్టలుగా పోగవుతాయి. జిల్లాల్లోకి వచ్చేసరికి పలచబడతాయి. సంక్రాంతి దాటాక జనగామ రైలెక్కాను. అక్కణ్ణుంచి మహబూబాబాద్, భూపాలపల్లి.

జనగామ పక్కన చీటకోడూరు రిజర్వాయర్ గట్టు మీద ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్, ఆయన విద్యార్థులు నాకోసం ఎదురుచూస్తున్నారు. ఆసియాలోని చాలా దేశాల్లో జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987లో మొదలైన పని. ఒకే చెరువు దగ్గర ఏటేటా అదే కాలంలో నిలబడి లెక్కపెట్టడమే దాని బలం. పిల్లలు ఇద్దరిద్దరుగా విడిపోయారు. ఒకరి చేతిలో బైనాక్యులర్, ఒకరి చేతిలో నోటుబుక్కు. నామంకోళ్ళ గుంపు నీళ్ళ మధ్య నల్లగా పరచుకుని ఉంది. అవి మునుగుతాయి, తేలుతాయి, ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. ఒక అమ్మాయి ముందు పది పిట్టలు ఎంత మేర పట్టాయో కంటితో పట్టుకుని, ఆ మేరను గుంపంతా జరుపుకుంటూ పోయింది. ఆమె చెప్పిన అంకెను పక్కవాడు రాసుకోలేదు. "మళ్ళ ఒక్కపారి లెక్కవెట్టు అక్కా" అన్నాడు. రెండోసారి అంకె మారింది. మూడోసారి రెండోదానికి దగ్గరగా వచ్చింది. అప్పుడు రాశాడు. ఆ పిల్లల ఓపిక చూసి నాకు గుండె నిండింది.

ఈ నీళ్ళు గోదావరివి. ఏటూరునాగారం దగ్గర గంగారంలో ఎత్తిపోసిన నీరు దేవాదుల పైపుల్లో ఇంత దూరం వచ్చి జనగామ చెరువుల్లో పడుతోంది. కరువుకు మారుపేరుగా బతికిన నేలకు అది ఎంత పెద్ద మాటో ఈ ఊళ్ళ రైతును అడగాలి. నీళ్ళతో వరి వచ్చింది, వరితో నత్తలొచ్చాయి, నత్తల కోసం నత్తగుల్ల కొంగలొచ్చాయి. "ఇవి మా చిన్నప్పుడు ఇన్ని లేవండీ" అన్నారు లెక్చరర్. అదే గట్టు దిగి మెట్ట చేలవైపు నడిచాం. పాలపిట్టకు కావలసింది వేరే. బోసి నేల, కూర్చోవడానికి ఒక ఎండు కొమ్మో తీగో, నేల మీద మిడతలు, గూటికి తాటిచెట్టు తొర్ర. పడావు భూమి పత్తిచేనైంది. మొండి తాళ్ళు కొట్టేశారు. పత్తి ఏరుతున్న ఒక అవ్వ మా మాటలు విని నడుము ఎత్తింది. "మిడతలేడియి బిడ్డా? మందు కొట్టంగ కొట్టంగ పురుగుతోటి అన్నీ పాయె. పిట్ట ఏం దిని బతుకుతది?"

అంతరిక్షం నుంచి చూస్తే జనగామ ముందుకన్నా పచ్చగా కనబడుతుంది. 1972 నుంచి లాండ్‌శాట్ ఉపగ్రహాలు భూమిని ఫొటోలు తీస్తూనే ఉన్నాయి, ఆ బొమ్మల విలువ తక్కువేమీ కాదు. కాని ఆ పచ్చదనంలో వరి ఎంతో, తుమ్మ తోపు ఎంతో, మిడత ఉందో లేదో బొమ్మ ఒక్కటే చెప్పలేదు. ఆ మాట అవ్వ చెప్పింది. అయితే అవ్వ మాటను ఏ పుస్తకంలోనూ ఎక్కించుకోలేదు. ఒక్క పాలపిట్ట తీగ మీద కనబడింది, రెక్క విప్పినప్పుడు ఆ నీలం చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. పావుగంట ఒకేచోట ఉండి, కనబడినవన్నీ విడవకుండా రాసి, ఫోన్లో పక్షుల పరిశీలనలు నమోదు చేసే ఈబర్డ్‌లోకి పంపించారు. గోరింకనూ, కాకినీ కూడా వదలొద్దని లెక్చరర్ పట్టుబట్టారు. అరుదైన పిట్టనే రాసి మామూలు పిట్టను వదిలేస్తే, మామూలు పిట్ట మాయమైన రోజు మనకు తెలియదు.

కాజీపేటలో బండి మారి మహబూబాబాద్ దారి పట్టాను. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు నెమ్మదించింది. 2024 సెప్టెంబరు 1న ఇక్కడే వరద కట్టను కోసుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. మహబూబాబాద్‌లో మిర్చి ఘాటు తగులుతుండగా బస్సెక్కి గూడూరు మీదుగా కొత్తగూడ చేరాను. ఇది పాఖాల అభయారణ్యం తూర్పు అంచు. పాఖాల చెరువును 13వ శతాబ్దంలో, కాకతి గణపతిదేవుని కాలంలో కట్టారు. మున్నేరు పుట్టేది అక్కడే.

తెల్లవారుజామున ఒక బీట్ ఆఫీసర్ వెంట అడవిలోకి వెళ్ళాను. పాతికేళ్ళ అమ్మాయి, డిగ్రీ చదివి పరీక్ష రాసి ఈ ఉద్యోగంలోకి వచ్చింది. నాలుగేళ్ళకోసారి జరిగే అఖిల భారత పులుల గణనలో తను నడిచిన దారినే నన్నూ నడిపించింది. ముందు మాంసాహార జంతువుల ఆనవాళ్ళ కోసం 5 కిలోమీటర్ల నడక. తర్వాత 2 కిలోమీటర్ల సరళరేఖ మీద నడుస్తూ కనబడిన దుప్పిని, కొండగొర్రెను, అడవిపందిని, ఎంత దూరంలో ఏ దిక్కున కనబడిందో సహా రాయడం. ఆ గీత మీదే ప్రతి 400 మీటర్లకు ఆగి, 15 మీటర్ల వ్యాసార్ధంలో ఏ చెట్లున్నాయో, కొట్టిన మోళ్ళున్నాయో, నిప్పు పడిందో, పశువులు మేశాయో నమోదు చెయ్యడం. అంతా ఎం-స్ట్రైప్స్ యాప్‌లోకి ఎక్కుతుంది. పులుల గణన అంటాం గాని నిజానికి అది అడవి మొత్తానికి చేసే పరీక్ష. 2018లో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు కడితే 3.48 కోట్ల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. మిగిలినవాటిలోనే కదా అసలు అడవి ఉన్నది!

ఒకచోట ఆమె చటుక్కున ఆగింది. దారి మీద ఎలుగుబంటి పెంటిక. పుల్లతో విడదీసి చూపించింది. లోపల రేగు గింజలు, ఒక్కటీ నలగకుండా, చిన్న చిన్న గులకరాళ్ళలా మెరుస్తున్నాయి. మధ్యలో చెదపురుగుల తలలు, కొద్దిగా మట్టి. "రేగుపండ్ల కాలం అయిపోవస్తోంది సార్. ఇక ఇప్పపువ్వు దాకా దీనికి చెదలే దిక్కు" అంది. ఫోన్ తీసి, పక్కన స్కేలు పెట్టి, ఫొటో తీసి, స్థలం గుర్తించి లేచింది. అడవి ఎప్పుడు ఏం పండిందో, దాన్ని ఎవరు తిన్నారో, విత్తనం ఎంత దూరం పోయిందో ఆ పిడికెడు పెంటికలో ఉంది. ఇరవై ఏళ్ళపాటు ఇదే దారిలో ఇదే నెలలో ఇలాంటివి చూసి రాస్తే రేగు కాపు ముందుకు జరుగుతోందా, వెనక్కి పోతోందా చెప్పొచ్చు. వాతావరణం మారుతోందని ప్రపంచానికి చెప్పే ఆధారాల్లో పూతా కాతా కాలాలు మారడం ముఖ్యమైనది. ఆ ఆధారం కొత్తగూడ అడవిలో నేల మీద పడి ఉంది.

పులి మాట అడిగాను. ఈ కొన్నేళ్ళుగా మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి ప్రాణహిత, గోదావరి దాటి పులులు ఇటు వచ్చిపోతున్నాయి. వచ్చినవి నిలవాలంటే తినడానికి దుప్పులుండాలి, కాళ్ళకు ఉచ్చులు తగలకూడదు. అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగలు మనుషుల్నీ చంపుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో కాటారం వైపు అడవిలో ఒక గ్రేహౌండ్స్ జవాను ఆ తీగకే బలయ్యాడు. ఆమె నడిచేటప్పుడు కళ్ళు నేల మీద ఎందుకు ఉంటాయో అప్పుడర్థమైంది.

మధ్యాహ్నం గూడెంలో ఒక కోయ పెద్దాయనతో కూర్చున్నాను. అడవిలో ఏమేమి మారిందని అడిగితే ఆయన వానతో మొదలుపెట్టాడు. "ఎన్కట మిరుగు దాటినంక వారం దినాలు ముసురు వట్టేది సారూ. సన్నగ, ఎడతెగకుండ. గా పదునుకే పుట్టల మీద పుట్టకొక్కులు మొలిచేటియి. ఇప్పుడు ఒక్కనాడే దంచికొడ్తది, పోతది. నీళ్ళు వాగుకు పోతయి. భూమి తాగది." అని, ఏ పుట్టల దగ్గర ఏ కార్తెలో కొక్కులు వచ్చేవో, ఏవి ఎన్నేళ్ళుగా మొలవడం లేదో వేళ్ళ మీద చెప్పుకుంటూ పోయాడు. నేను రాసుకుంటూ పోయాను. వాన మొత్తం తగ్గకుండానే దాని తీరు మారితే అడవికి ఏమవుతుందన్న పెద్ద ప్రశ్నకు ఆయన జవాబు పుట్టకొక్కుతో చెబుతున్నాడు.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. దారిలో ఒక పంచాయతీ కార్యాలయంలో ఆ రిజిస్టరు తెరిపించి చూశాను. చెట్ల పేర్లు, పశువుల పేర్లు వరుసగా ఉన్నాయి. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎన్ని చూశారు అన్నవి లేవు. ఒకసారి రాసి బీరువాలో పెట్టిన జాబితా మార్పును పట్టుకోలేదు. 2022 డిసెంబరులో మాంట్రియాల్‌లో ప్రపంచ దేశాలు కూర్చుని 2030 నాటికి 23 లక్ష్యాలు పెట్టుకున్నాయి. నేలలో, నీటిలో 30 శాతం కాపాడతామని అందులో ఒకటి. కాపాడామో లేదో తేల్చాల్సిన లెక్క చివరికి ఇలాంటి బీరువా దగ్గరే మొదలవ్వాలి.

నర్సంపేట, ములుగు దాటి గణపురం వైపు తిరిగాను. 2019 ఫిబ్రవరి దాకా ములుగు కూడా భూపాలపల్లి జిల్లాలోదే. తాడ్వాయి, మేడారం అడవుల్లో 2024 ఆగస్టు 31న పెనుగాలికి 50 వేలకు పైగా చెట్లు నేలకూలాయి. మద్ది, నేరేడు, ఇప్ప, వేళ్ళతో సహా. అక్కడ ఏం కూలిందో ఉపగ్రహం చూపించింది. ఏం మొలుస్తుందో చూడాల్సింది మనమే. ఆ ఖాళీల్లో పాత చెట్ల పిల్లలు లేస్తాయా, కలుపు తీగలు కమ్ముతాయా అన్నది ఏటేటా అదే గుర్తు మీద నిలబడి చూస్తేగాని తెలియదు. ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని అది.

భూపాలపల్లి దగ్గర మోరంచ వాగు వంతెన మీద చాలాసేపు ఉన్నాను. 2023 జూలై 27 తెల్లవారుజామున ఈ వాగు మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, కొందరు కొట్టుకుపోయారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఆ 24 గంటల్లో ఈ జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. దశాంశంతో సహా మనకు తెలుసు, ఎందుకంటే అక్కడ యంత్రం ఉంది. వంతెన కింద వల ఆరబెడుతున్న మనిషిని వాగు సంగతి అడిగాను. "గా వరదకు మడుగులన్నీ ఇసుకతోటి పూడినయి అన్నా. పరకలు, జెల్లలు మడుగులల్లనే గద ఉండేటియి. మడుగు లేకుంటే ఎండకాలం చాప యాడ దాసుకుంటది?" వాన ఎంతో రాసిన చోటే చేప ఏమైందో రాసే గీత ఒక్కటి లేకపోవడం నన్ను బాధించింది. నష్టపరిహారం లెక్కల్లో మడుగు రాదు.

చెల్పూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు గణపురం నుంచే కనబడతాయి. 1,100 మెగావాట్ల కేంద్రం. ఈ ఊరి కింది బొగ్గు 25 కోట్ల ఏళ్ళకు పైబడిన అడవి. ఆ అడవి కొన్ని లక్షల ఏళ్ళలో దాచుకున్న కర్బనాన్ని మన తరం పైకి తీసి గాలిలో కలుపుతోంది. మన ఇళ్ళలో దీపం వెలుగుతున్నది దానితోనే, అందుకని దాన్ని తేలిగ్గా తిట్టిపోయలేను. కాని మారుతున్న గాలికి ఈ నేల చెల్లించే మూల్యం రాసే పుస్తకం కూడా ఇక్కడే తెరవాలంటాను. గని పక్కన మొక్కలు నాటిన సంఖ్య బోర్డు మీద ఉంటే చాలదు, ఆ తోటలో ఏ పిట్టలు గూడు కట్టాయో కూడా ఉండాలి.

కాటారం, మహాదేవపూర్ అడవుల్లోంచి కాళేశ్వరం చేరాను. ప్రాణహిత నీళ్ళు గోదావరిలో కలిసిన చోట రెండు రంగులు కొంత దూరం విడివిడిగా పోతాయి. కింద మేడిగడ్డ బ్యారేజి. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాక దాని గేట్లు ఎత్తి ఉంచారు. నీటిమట్టం తగ్గి ఇసుక దిబ్బలు తేలాయి. నది మీద గూడు కట్టే రివర్ టెర్న్‌కు ఈ దిబ్బలే పుట్టిల్లు. ఎండాకాలంలో ఇసుక మీద చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. పై నుంచి ఒక్కసారి నీళ్ళు వదిలితే ఆ ఏటి పిల్లలు పోయినట్టే. ప్రపంచంలోనే ముప్పు జాబితాకెక్కిన పక్షి ఇది. నది నాలుగైదు ఏళ్ళు నిండుగా నిలిచి, మళ్ళీ పారడం మొదలుపెట్టిన ఇలాంటి చోటు పరిశీలనకు ఎంత విలువైనదో!

పడవాయన నన్ను మూడు దిబ్బల దగ్గరికి తీసుకుపోయాడు. ఏ దిబ్బ మీద పోయినేడు గుడ్లు చూశాడో, ఏది కుక్కలకు అందుతుందో చూపించాడు. మూడింటి స్థలాలు ఫోన్లో గుర్తుపెట్టుకున్నాను. ఒక్కోచోట పావుగంట కూర్చుని పిట్టల్ని లెక్కపెట్టాను. జనగామ లెక్చరర్‌కు ఫోన్ కలిపి, ఆ పిల్లల్ని మార్చిలో ఇక్కడికి తెస్తారా అని అడిగాను. పరీక్షలయ్యాక తెస్తానన్నారు. పడవాయన చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. "పరీక్షలయినంక వద్దు సారూ, గప్పటికి పిల్లలు లేస్తయి. శివరాత్రి దాటంగనే రాండ్రి. గుడ్లు వెట్టుడు మొదలువెట్టిననాడు నేనే మీకు ఫోన్ జేస్త" అని లెక్చరర్ నంబరు రాయించుకున్నాడు.