గోదారి గట్టున పుదుచ్చేరి

కాకినాడలో బస్సెక్కి అమలాపురం వైపు వెళ్తున్నారనుకోండి. తాళ్లరేవు దాటాక కాసేపటికి దుకాణాల బోర్డుల మీద పుదుచ్చేరి పేరు కనబడుతుంది. కిటికీలోంచి చూస్తే అవే కొబ్బరిచెట్లు, అవే పంటకాలువలు. పక్క సీటులో వినబడేదీ అదే గోదారి యాస. అయినా మీరు ఆంధ్రప్రదేశ్ దాటేశారు. అదేనండీ యానాం! ఊరంతా కలిపినా ముప్పై చదరపు కిలోమీటర్లకు మించదు. రాజధాని పుదుచ్చేరికి వెళ్లాలంటే దాదాపు 870 కిలోమీటర్లు.

మ్యాపు ఉంటే ఒకసారి ముందు పరుచుకోండి. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరిలో తూర్పు పాయ గౌతమి. అది సముద్రానికి చేరువయ్యే వేళ, యానాం దగ్గరే కోరంగి పాయ విడిపోయి మడ అడవుల వైపు తిరుగుతుంది. ఆ రెండు నీళ్ల మూలలో కుదురుకుంది ఊరు. ఇటు కాకినాడ జిల్లా, గౌతమి అవతల కోనసీమ. ఓడ లోపలికి రాగలిగే ఇలాంటి చోటు వర్తకుల కంట పడకుండా ఉంటుందా? 1723లో ఫ్రెంచివాళ్లు దిగారు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు. కోరంగి రేవు సంగతి సరేసరి, అక్కణ్నుంచి ఓడెక్కి బర్మా వెళ్లిన మనవాళ్లందరినీ అక్కడ కోరంగీలనే పిలిచారు.

నాకు అన్నిటికన్నా ఆసక్తి ఈ ఊరి జనం గురించి. నది ఊరికి చోటిస్తే, సరిహద్దు జనాన్ని తెచ్చింది. 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలకు అడ్డుపడింది కదా. ఫ్రెంచి నేల మీద ఆ చట్టం చెల్లదు. ఇంకేముంది, పెళ్లివారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి మూడుముళ్లు వేయించుకుని వెళ్లేవారు. ఊరికి కల్యాణపురమనే పేరు కూడా వచ్చింది. పేరు ఎంత ముద్దుగా ఉన్నా, ఆ పీటల మీద కూర్చున్న పసిపిల్లల్ని తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. మంగళవారం సంతకైతే విదేశీ సరుకు కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలేవి.

1954 జూన్‌లో దడాల రమణయ్య ముందుండి నడిపిన ఉద్యమంతో ఫ్రెంచి పాలన పోయింది. గీత మాత్రం అలాగే మిగిలింది. ఇవాళ్టికీ గౌతమి ఒడ్డున వేసిన ఓటుతో గెలిచిన ఎమ్మెల్యే పుదుచ్చేరి శాసనసభలో కూర్చుంటారు. అక్కడ ఎన్నికయ్యే 30 మందిలో యానానికి ఒక్కరే.

ఇప్పుడు అంకెలు చూడండి. 2001 జనాభా లెక్కల్లో 31 వేల పైచిలుకు, 2011లో 55,626. పదేళ్లలో ముప్పాతిక వంతుకు పైగా పెరిగింది! పురుళ్లతోనే ఏ ఊరూ ఇంతలా పెరగదు. వచ్చి చేరినవాళ్లు ఎంతమంది ఉండాలో ఆలోచించండి. ఒకప్పుడు పంటెక్కి దాటాల్సిన గౌతమి మీద 2002లో బాలయోగి వారధి వచ్చి, ఎదుర్లంక పొరుగు వీధంత దగ్గరైంది. వరద నీరు ఎర్రబడితే చాలు, పులస కోసం ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. మత్స్యకార మహిళలు వేలం పాడితే ఒక్క చేప వేల రూపాయలు పలుకుతుంది.

కానీ నేల పెరగదు కదండీ. ఒక పక్క నది, మిగతా పక్కలా ఆంధ్ర ఊళ్లు. ఇంకో పేట వేయాలంటే ఏటివైపు పల్లానికే జరగాలి. 1986 ఆగస్టులో గోదారి ఊరిని ఎలా ముంచిందో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. అప్పటికి పల్లంలో ఇన్ని ఇళ్లు లేవు. అందుకే కొత్త జనాభా లెక్కలు రాగానే నేను ముందు వెతికేది యానాం అంకె. గట్టు ఎత్తు, మంచినీళ్ల ట్యాంకు, బడిలో గదులు, అన్నీ ఆ అంకెను బట్టే తేలాలి.