కరియకు ముందే తెలుసు

ఈమధ్య హైదరాబాద్‌లో ఉంటున్న మా స్నేహితురాలు తన కుక్క ఫొటోను ఎవరికో పంపించింది. ఫొటో చూసి ఆ మూగజీవి మనసులో ఏముందో చెబుతారట. కళ్లు మూసుకుని దాంతో మాట్లాడతారట కూడా! రెండు రోజులకు జవాబొచ్చింది... 'మీరు ఆఫీసుకు వెళ్లడం దానికి ఇష్టం లేదు' అని. ఇందుకోసం ఆమె ఎంత కట్టిందో ఇక్కడ రాయను. ఈ పేజీ మా అమ్మ కూడా చదువుతుంది. అయినా, యజమాని ఆఫీసుకు వెళ్లడం ఏ కుక్కకు ఇష్టముంటుంది చెప్పండి?

నేను నవ్వితే ఆమెకు కోపమొచ్చింది. 'మరి మీ అమ్మ చేసేదేంటి? మీ ఊరొచ్చినప్పుడు చూశాగా. బర్రె నాలుగడుగులు వేసిందో లేదో, దానికి ఒంట్లో బాగాలేదని చెప్పేసింది' అంది. నిజమే, అమ్మ చెప్పింది. మర్నాటికి అది మేత మానేసింది కూడా. ఫోన్లో అప్పుడేమీ అనలేకపోయాను కానీ, ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

మాది ఎమ్మిగనూరుకు దగ్గర్లోని పల్లె. మా నాన్న పత్తి బోరాలు బండికెత్తుకుని ఆదోని మార్కెట్‌కు పోయేవాడు. ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ దూరం. రాత్రి అన్నం తిని బండి కట్టేవాడు. ఊరు దాటాక పగ్గాలు వదిలేసి బోరాల మీద నిద్రపోయేవాడు. ఎద్దులే దారి చూసుకుంటూ పోయేవి. నాన్నతో ఒకసారి నేనూ వెళ్లాను. నడిరాత్రి ఆయన ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు. ఏమైందంటే, ఎలపట ఎద్దు మెడలో గంట చప్పుడు మారిందన్నాడు. దిగి చూస్తే దాని గిట్టలో రాయి ఇరుక్కుంది. నిద్రలో ఉన్న మనిషికి ఆ సంగతి ఎలా తెలిసింది? ఇందులో మాయ లేదు, మంత్రమూ లేదు. ఏళ్ల తరబడి విన్న గంట. దాని తాళం తప్పితే చెవి ఊరుకోదు.

సంక్రాంతికి వచ్చే గంగిరెద్దును తీసుకోండి. 'అమ్మగారు చీర పెడతారా?' అంటే తల పైకీ కిందికీ ఊపుతుంది. 'అయ్యగారు లేదంటున్నారు' అంటే అడ్డంగా తిప్పుతుంది. చిన్నప్పుడు దానికి తెలుగు వచ్చనే అనుకునేదాన్ని. కాస్త పెద్దయ్యాక ఎద్దును చూడటం మానేసి ఆడించేవాడి చేతిని చూశాను. పగ్గం మీద వేలు కదులుతుంది. డోలు దెబ్బ మారుతుంది. ఎద్దు మాటను కాదు, మనిషిని వింటోంది!

సరిగ్గా ఇలాంటి కథే నూరేళ్ల కిందట బెర్లిన్‌లో జరిగింది. విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే లెక్కల మాస్టారి దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడికలు, తీసివేతలు అడిగితే కాలి గిట్టతో నేలమీద కొట్టి జవాబు చెప్పేది. 1904లో పెద్దల సంఘం వచ్చి పరీక్షించింది. మోసమేమీ దొరకలేదు. తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు ఓపిగ్గా కూర్చుని అసలు సంగతి పట్టుకున్నాడు. అడిగేవాళ్లకు జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదు. అడిగేవాళ్లు దాని కంటికి కనిపించకపోయినా అంతే. సరైన అంకె దగ్గరికి రాగానే మనుషుల తల వెంట్రుకవాసి కదులుతోంది. తమకే తెలియని ఆ కదలికను చూసి గుర్రం ఆగిపోతోంది. 1907లో ఈ సంగతి బయటపడ్డాక హాన్స్‌కు లెక్కలు రావని అందరూ పెదవి విరిచారట. నాకైతే లెక్కలు రావడం కంటే ఇదే గొప్పగా తోస్తుంది.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది కరియ గురించి. మావైపు కన్నడం గాలి ఎక్కువ. నల్లగా ఉంటే కుక్కకు కరియ అని పేరు పెట్టేస్తారు. ఈ కరియ మాది కాదు, పక్కింటివాళ్లది. వాళ్లకు మూడెకరాల మెట్ట ఉంది. వానలు బాగుంటే పంట, లేకపోతే మంట. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, నందవరం... ఈ మండలాల గురించి తెలిసినవాళ్లకు ఆ తర్వాత సంగతి చెప్పనక్కర్లేదు. చలికాలంలో ఇళ్లకు తాళాలు పడతాయి. మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు లారీలెక్కుతాయి. కొందరు పిల్లలు సీజనల్ హాస్టళ్లలో, మరికొందరు అమ్మానాన్నల వెంట. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లూ, కుక్కలూ.

పోయేది ఎప్పుడో కరియకు ముందే తెలుస్తుందని మా వీధిలో అందరూ అంటారు. నేనూ చూశాను. లారీ రావడానికి రెండు రోజుల ముందు అది తిండి తగ్గించింది. వాకిట్లో కట్టిపెట్టిన మూటల పక్కనే పడుకుంది. ఇంటావిడ లోపలికి పోతే లోపలికి, బయటికొస్తే బయటికి. కాళ్లకు అడ్డంపడి తిట్లు కూడా తింది.

'దానికి ఎట్ల తెల్సమ్మా?' అని అడిగాను.

అమ్మ నావైపు వింతగా చూసింది. 'తెలీక? జొన్నపిండి ఒగేసారి బస్తా ఆడిచ్చిరి. దుప్పట్లు ఉతికిరి. కొడవండ్లు తీసిరి. మొగుడూ పెండ్లాం వారం నుంచి మాట్లాడుకుంటలేరు. ఇన్ని సూసినంక దానికి తెలీకుంటే అది కుక్కెట్లయితది?'

డిప్లొమాలో మాకు రిపోర్టింగ్ నేర్పిన మాస్టారు కూడా ఇంత బాగా చెప్పలేదు.

లారీ వెళ్లిపోయాక కరియ మూడు రోజులు తాళం వేసిన తలుపు ముందే ఉంది. పోతూపోతూ ఇంటావిడ 'పెద్దమ్మా, జర దాన్ని సూసుకో. ఉగాదికి వచ్చేస్తాం' అని చెప్పి వెళ్లింది. నేను సెలవులో ఉన్నాను కాబట్టి ఆ పని నాదన్నాను. గిన్నెలో మజ్జిగన్నం తీసుకెళ్లి ముందు పెట్టి, బుజ్జగింపుగా కళ్లలోకి చూస్తూ తల నిమరబోయాను. పళ్లు చూపించింది. అమ్మ గిన్నె తీసుకుని నాకు పాఠం చెప్పింది. 'కండ్లల్లోకి సూడొద్దు. పక్కకు తిరిగి కూసో. మనం దాని దగ్గరికి పోకూడదు, అదే మన దగ్గరికి రావల్ల.'

అమ్మ అరుగు మీద పక్కకు తిరిగి కూర్చుంది. జొన్నరొట్టె తుంచి మూరెడు దూరంలో పెట్టి, చాటలో కందులు ఏరుకుంటూ ఉండిపోయింది. కరియ పెదాలు నాక్కుంది. ఆవులించింది. మూతి పక్కకు తిప్పుకుంది. 'నిద్రొస్తోంది దానికి' అన్నాను. 'నిద్ర కాదు, బుగులు' అంది అమ్మ. అరగంట పట్టింది. చివరికి వచ్చి రొట్టె తింది.

నార్వేకు చెందిన టూరిడ్ రూగోస్ అనే కుక్కల శిక్షకురాలు ఇవే సంగతులను పుస్తకంగా రాసిందని తర్వాత తెలిసింది. ఆకలి లేకుండా పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండా ఆవులించడం, ముఖం తిప్పుకోవడం... ఇవన్నీ 'నాకు ఇబ్బందిగా ఉంది, గొడవ వద్దు' అని కుక్క చెప్పే తీరు. కుక్కల భాషలో ఎదురుగా నిలబడి కళ్లలోకి గుచ్చి చూడటం బెదిరింపు. మన ఇంట్లో మనల్ని నమ్మిన కుక్క మన కళ్లలోకి చూడటం వేరు. కొత్తవాళ్లు చేస్తే అది వేరు. పిల్లలకు ఇది చెప్పాలి. పిల్లలు చేసేదేమిటి? ఎదురుగా పరుగెత్తుకెళ్తారు, మెడ చుట్టూ చేతులు వేస్తారు. తోక ఊపుతోంది కదా అంటారు. తోక ఊపడమంతా సంతోషం కాదు. బిగుసుకున్న ఒంటితో తోకను పైకెత్తి చిన్నగా కొట్టుకుంటుంటే దూరం జరగడమే మంచిది.

ఫిబ్రవరిలో ఊరి నుంచి ఫోనొచ్చింది. కరియ ఒక పాప మీద పడిందట. ఎదురింటి పాపకు ఆరేళ్లు. ఎప్పుడూ దాంతో ఆడుకునేదే. ఆ రోజు చెవి పట్టుకుంటే గుర్రుమని చేతిని నోట పట్టింది. రక్తం రాలేదు కానీ చర్మం మీద పన్ను గీరుకుంది. 'పిచ్చి పట్టింది. కట్టెలు తీసుకురండ్రా' అని నలుగురు మగవాళ్లు బయల్దేరారు. యజమానులు ఊళ్లో లేరు. అడిగేవాళ్లు ఎవరు?

మా అమ్మ అడిగింది. అదీ వెంటనే కాదు. ముందు పాప చేతిని కొళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడిగించింది. తల్లీబిడ్డలను ఆటో ఎక్కించి ఎమ్మిగనూరు ఆసుపత్రికి పంపింది. ఆ తర్వాతే కరియ దగ్గరికెళ్లింది. కట్టెలు పట్టుకున్నవాళ్లతో ఆమె అన్న మాటలు పత్రికలో రాయదగినవి కావు.

అమ్మ చూసింది ఏమిటంటే... నాలుగు రోజులుగా కరియ తలను కుడివైపు వంచి నడుస్తోంది. కాలితో ఆ చెవినే గీరుకుంటోంది. నీళ్లు మామూలుగానే తాగుతోంది. మొరుగుడు మారలేదు. దవడ వేలాడటం లేదు, నోట్లోంచి చొంగ కారడం లేదు. పేరు పెట్టి పిలిస్తే తోక కదిలిస్తోంది. పాప పట్టుకున్నది కూడా ఆ కుడి చెవినే. ముందు తాడు వేసి కట్టేశారు. మూతికి గుడ్డ కట్టి పశువుల డాక్టరుకు చూపిస్తే చెవి లోపల గోమార్లు, చీము. శుభ్రం చేసి చుక్కల మందు ఇచ్చారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అమ్మ చూపు మీద నాకెంత నమ్మకమున్నా, పాపకు టీకా ఆపలేదు. నాలుగు విడతల సూదిమందూ వేయించారు. పాప ఏడ్చింది, వేయించారు. కరియను పది రోజులు కట్టేసి కనిపెట్టారు. రేబిస్ లక్షణాలు మనిషికి కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. ప్రపంచంలో ఈ జబ్బుతో చనిపోయేవారిలో మూడోవంతుకు పైగా మన దేశంలోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కుక్క మనసు తెలుసుకోవడం వేరు, దాని చొంగలో ఏముందో తెలుసుకోవడం వేరు. రెండోది చూపుకు అందదు. ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక కుర్రాడికి మొదటిసారి ఈ టీకా వేయించాడు. తర్వాతి జులైలో కరియ వరుసలో నిలబడింది.

ఆ తర్వాత నేను ఈ విషయాల మీద దొరికిందల్లా చదివాను. మన వీధికుక్కల మీద కూడా పరిశోధన జరిగింది. కోల్‌కతాలోని ఐసర్‌లో అనిందితా భద్ర బృందం ఏ శిక్షణా లేని ఊరకుక్కలకు రెండు గిన్నెలు పెట్టి, వేలితో ఒకటి చూపించింది. భయపడి దగ్గరికి రానివి చాలానే ఉన్నాయి. వచ్చినవాటిలో నూటికి ఎనభై దాకా వేలు చూపించిన గిన్నె వైపే వెళ్లాయి. 2020లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రాళ్లు తప్ప ఏమీ విసరని మన చేతిని అవి ఇంత శ్రద్ధగా చదువుతున్నాయన్నమాట.

మనం వాటిని చదవడంలోనే తేడా. చెప్పు కొరికిన కుక్క తలవంచుకుని చూస్తే 'తప్పు చేశానని తెలుసు దానికి' అంటాం. న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో దీన్ని పరీక్షించారు. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ చూపుకు సంబంధం లేదు. యజమాని తిడితేనే ఆ చూపు వస్తోంది. ఏ తప్పూ చేయనివి కూడా తిట్టేసరికి అలాగే చూశాయి. మన గొంతు విని భయపడుతోంది, అంతే.

పిల్లుల సంగతి మా మేనత్తకు తెలుసు. ఎమ్మిగనూరులో వాళ్లది మగ్గం ఇల్లు. గుంటమగ్గం పక్కన ఎప్పుడూ ఒక పిల్లి ఉంటుంది. నూలు జోలికి రాదు. మేనత్త దాన్ని ఎత్తుకోదు, ముద్దు చేయదు. నేత మధ్యలో దానివైపు చూసి మెల్లగా కళ్లు మూసి తెరుస్తుంది. అదీ మూసి తెరుస్తుంది. మళ్లీ ఎవరి పని వాళ్లది. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఇదే తేల్చారు. మెల్లగా కళ్లార్పేవాళ్ల దగ్గరికి పిల్లులు ఎక్కువగా వస్తాయట. అత్తకు చెబితే, 'దానికి సదువుకున్నోళ్లు కావల్నా?' అంది.

స్నేహితురాలికి ఇవన్నీ ఫోన్లో చెప్పాను. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ పావుగంట ఫోను పక్కన పడేసి కుక్కను ఊరికే చూస్తూ కూర్చోమన్నాను. వారం తర్వాత, అది రోజూ సాయంత్రం ఆరింటికి లిఫ్టు చప్పుడుకు చెవులు నిక్కబొడుస్తోందని చెప్పింది. వేరే అంతస్తులో ఆగే లిఫ్టుకు మాత్రం లేవదట.

ఆ ఏడాది ఉగాదికి రెండు రోజుల ముందు నేను ఊళ్లో ఉన్నాను. రాత్రి ఎనిమిదవుతోంది. కరియ మా అరుగు మీద పడుకుని ఉన్నదల్లా తల ఎత్తింది. నాకేమీ వినిపించలేదు. మనిషి చెవికి అందని సన్నని చప్పుళ్లు కూడా కుక్క చెవికి అందుతాయని చదివాను కానీ, ఇలా పక్కనే కూర్చుని చూడటం వేరు. లేచి నిలబడింది. ఒళ్లంతా వణికింది. ఒక్క ఉరుకున వీధి చివరకు పోయింది. అప్పుడు వినబడింది లారీ హారన్.

ముందు పిల్లలు దూకారు. తర్వాత మూటలు, మిరపకాయల సంచి, చివరగా ఇంటావిడ. కరియ ఆమె చుట్టూ తిరిగి, కుంయ్‌మంటూ చీర కుచ్చిళ్లలో తల దూర్చింది. 'ఓయబ్బా, ఘాటు తగుల్తది, దూరం పో' అంటూనే ఆమె అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయింది.

ఆ రాత్రి కరియ వాళ్ల గడప ముందే పడుకుంది. అమ్మ మాత్రం అలవాటుకొద్దీ ఒక రొట్టె ఎక్కువ కాల్చింది. పొద్దున అది వచ్చి తినిపోయింది.