తీరకముందే చెప్పుకునే సాక్ష్యం

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచేవాళ్లు చాలావరకు కష్టం గట్టెక్కినవాళ్లే. జబ్బు నయమైంది, తాగుడు మానేశాడు, దేవునికి స్తోత్రం. ఆ కృతజ్ఞత నిజమైనదే. మరి ఇంకా తాగుతున్నవాడు, నిద్రపట్టక చావును తలుచుకుంటున్న తల్లి ఆ మైకు దాకా రాగలరా? రాలేకపోతే ఆ లోపం వాళ్ల విశ్వాసానిది కాదు, తీరిన కష్టానికే చోటిచ్చే మన అలవాటుది. బైబిలుకు ఆ అలవాటు లేదు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే. 88వ కీర్తన అయితే చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర ఊరట లేదు, స్తుతి లేదు. అయినా దాన్ని ఎవరూ తీసేయలేదు. మదర్ థెరిసా దేవుడు దూరమైనట్టున్న చీకటిని దశాబ్దాలపాటు తన ఆత్మీయ మార్గదర్శకులకు ఉత్తరాల్లో చెప్పుకున్నారు. 2007లో అవి పుస్తకంగా వచ్చి లోకమంతా చదివాకే, 2016లో కతోలిక సంఘం ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

ఇదంతా సణుగుడే కదా, అవిశ్వాసమే కదా అనేవాళ్లున్నారు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు తమ గుడారాల్లో కూర్చుని దేవుని మీద సణిగారు. కీర్తనకారుడు ఆ మాటలే దేవుని ఎదుటికి తెచ్చాడు. నమ్మకం లేనివాడు మొరపెట్టుకోడు, ముఖం తిప్పుకుంటాడు. పైగా మన యోగ్యత చూసి చేర్చుకునే దేవుడైతే దాచుకోవలసిందే. మనం పాపులమై ఉండగానే క్రీస్తు మనకోసం చనిపోయాడని నమ్మినవాళ్లకు ఇంకా కాపాడుకోవలసిన పరువేముంది? చెప్పుకునే ధైర్యం పుట్టేది అక్కడే.

ఆదివారం చెప్పిన ప్రార్థన అంశం సోమవారానికి వీధంతా పాకుతుందన్న భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. అది నిజంగా జరుగుతుంది, దానివల్ల సంబంధాలు చెడతాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు ఆగుతాయి. అందుకే అందరికీ చెప్పాలని నేననను. గెత్సేమనేలో యేసు సైతం తన వేదన చెప్పుకోవడానికి ముగ్గురినే వెంట తీసుకెళ్లాడు. ఆ ముగ్గురూ నిద్రపోయారు, అది వేరే సంగతి. వినేవాళ్ల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ఇక చాలు, చనిపోతానన్న ఏలీయాకు దేవదూత ప్రసంగం చేయలేదు. వేడి రొట్టె, కుండలో నీళ్లు ఇచ్చి తినమన్నాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. మన దగ్గరికొచ్చి గుండె విప్పిన మనిషికి వాక్యం చెప్పేముందు అన్నం తిన్నాడో లేదో అడగాలి, నిద్రపోతున్నాడో లేదో అడగాలి. అవసరమైతే మానసిక వైద్యుడి దగ్గరికి మనమే తోడు వెళ్లి, పేరు పిలిచేదాకా పక్కన కూర్చోవాలి.