మా కోడలి గోల్ఫు మైదానములు

పెండ్లియైన పిదప ఆటలేలయని మా కోడలిని వారించినవారము మేమే. తుదకు ఆమె వెంటనే హైదరాబాదు గోల్ఫు మైదానములను చూచివచ్చితిమి.

సోదరీమణులు ముందుగా చూడదగినది గోలకొండ నయాఖిలాలోనిది. పాత కోటగోడల నడుమ 18 గుంటల యాట. తక్కువ దెబ్బలతో బంతిని గుంటలన్నిటను చేర్చినవారిదే గెలుపు. నయాఖిలాలోనే ‘హతియాన్ ఝాడ్’ అను బావోబాబు మహావృక్షము కలదు. దాని మొదలు ఏనుగులను తలపించును. గచ్చిబౌలి చెంత బౌల్డర్ హిల్స్ మైదానమునకు కొండరాళ్లే శోభ. సికింద్రాబాదు వైపున బొలారమందు మఱియొకటి కలదు.

ఆట ముగియుసరికి ఆఱేడు కిలోమీటర్ల నడక. కావున ఎండ ముదురకమునుపే పోవలెను.

గుఱిచూచి బంతిని కొట్టిన కోడలి మోమున ఆనాడు కనబడిన వెలుగును మా యింట మున్నెన్నడును చూచి యెఱుగము. వారించినందులకు మిక్కిలి సిగ్గుపడితిమి.