హార్స్‌లీ కొండపై చుక్కల కొక్కెం

మదనపల్లెకు సమీపాన గల హార్స్‌లీ కొండల ఎత్తు 1,200 మీటర్లకు పైమాటే. వానలు తెరిపి ఇచ్చిన ఒక అక్టోబరు రాత్రి, ఇషా నమాజు ముగించుకొని, ఏడుగురు విద్యార్థులతోనూ ఒకే ఒక్క 7×50 దుర్భిణితోనూ మేమక్కడ నిలిచాము. దర్సె నిజామీలో ఒకప్పుడు శ్రద్ధగా బోధించిన ‘హైఅత్’, అనగా ఖగోళ పాఠం, నేడు చాలా మదర్సాలలో నామమాత్రమే. ఆ లోటే మమ్మల్ని కొండ ఎక్కించింది.

పడమటి వైపున అభిజిత్తు, శ్రవణం వెలుగుతున్నాయి. ఆంగ్లేయులు వాటిని పిలిచే వేగా, ఆల్టెయిర్ అనే పేర్లు అరబ్బీవే: వాలే గద్ద, ఎగిరే గద్ద. పిల్లలకు ఈ పేర్లు కంఠస్థమే గాని ముఖపరిచయం లేదు.

శ్రవణం నుంచి అభిజిత్తు దిశగా మూడో వంతు దూరం దుర్భిణిని జరిపితే ఆరు చుక్కలు బారుగానూ, వాటి నడుమ నుంచి నాలుగు వంకీగానూ కనిపిస్తాయి. “హజ్రత్, ఇది షేర్వానీ తగిలించే హ్యాంగరు!” అన్నాడు అందరిలో చిన్నవాడు. పాశ్చాత్యులూ అదే పేరు పెట్టారు. అయితే దుర్భిణి పుట్టడానికి ఆరు శతాబ్దాలకు పైగా ముందే, 964లో, ఇస్ఫహాన్‌కు చెందిన అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ దీనిని వట్టి కంటితో చూసి తన నక్షత్ర గ్రంథంలో నమోదు చేశారు.

ఈ చుక్కలు ఒక కుటుంబం కావనీ, వేర్వేరు దూరాలలో ఉన్నాయనీ 1997లో వెలువడిన హిప్పార్కస్ ఉపగ్రహ కొలతలతో తేలింది. అది విని పెద్ద విద్యార్థి, “అయితే మనం లేనిదాన్ని చూశామా?” అని అడిగాడు. చుక్కలు అల్లాహ్ సృష్టి, హ్యాంగరు మన ఊహ. ఊహను ఊహగా ఎరిగితే దోషం లేదు, దానికి తలరాతను ముడివేస్తేనే పెడత్రోవ అని చెప్పాము. అతడు వెంటనే ఒప్పుకోలేదు. దుర్భిణి మళ్ళీ అడిగి తీసుకొని, చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.